పదిహేనుకే మోగిన డప్పు

చదవేస్తే ఉన్న మతి పోయిందని సామెత. నా విషయంలో మతి ఉన్నచోటే ఉంది, పొట్టేలు పోయింది. అదీ అల్లాటప్పా పొట్టేలు కాదు. మా మందకంతా మూలపురుషుడు, మా బాపుకు నాకన్నా దగ్గరి బంధువు. దాన్ని తోడేలు ఎత్తుకుపోలేదు, రోగమొచ్చి పోలేదు, దొంగలు తోలుకుపోలేదు. దేవరకొండ లైబ్రరీలో నేను ఎంతో శ్రద్ధగా చదివిన ఒక పుస్తకం మింగేసింది. అరచేతి మందం కూడా లేని ఆటల పుస్తకం అంత పెద్ద పొట్టేలును ఎట్లా మింగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఊరు అప్పటినుంచీ నవ్వుతూనే ఉంది, మీరు కాస్త ఆలస్యంగా చేరుతున్నారంతే.

అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాది దాటింది. నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరు పాలగుట్ట నుంచి దేవరకొండకు బస్సులో ముప్పావు గంట. పదో తరగతి పాసై, ఇంటర్‌లో లెక్కలు నన్ను ముందుకు పోనిచ్చేది లేదని భీష్మించుకుంటే, నేను బాపు వెంట గొర్లు కాయడానికి వచ్చేశాను. ఒళ్లు మంద దగ్గర ఉన్నా మనసు మాత్రం లైబ్రరీలో ఉండేది. వారానికోసారి దేవరకొండలో జరిగే అంగడి రోజున బాపు జీవాల బేరంలో పడగానే నేను లైబ్రరీలో దూరేవాణ్ణి. కిటికీలోంచి ఖిల్లా గుట్ట కనిపించేది. పైన తిరిగీ తిరగనట్టు తిరిగే ఫ్యాను, కింద పాత కాగితాల వాసన. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నా కాళ్లు వాటంతటవే చెప్పులు విడుస్తాయి. తేనెటీగల పెంపకం, రిజిస్ట్రేషన్ చట్టం, మొలల నివారణ, చంద్రమండలం, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివాక గానీ పారేసేవాణ్ణి కాదు.

కాబట్టి ఊళ్లో నేను నడిచే గ్రంథాలయాన్ని. ఎవరి బర్రె ఈనకపోయినా, ఎవరి బోరు ఎండిపోయినా గొంతు సవరించుకుని “పుస్తకంల ఏమున్నదంటే” అని మొదలుపెట్టేవాణ్ణి. సగం మంది వినేవారు. మిగతా సగం మందికి ఆ అవసరం పడేది కాదు, నేను ముగించేలోపు బర్రె ఈనేది.

ఆ రోజుల్లోనే ఓట్ల కోసం ఒక పెద్దమనిషి ఊరూరికీ ఒక వాలీబాల్, ఒక నెట్టు పంచిపెట్టాడు. ఆయన ఓడిపోయాడు, నెట్టు మిగిలింది. మాది కబడ్డీ ఊరు. ఆ బంతితో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. బడి పక్కన దున్నకుండా పడావు పడ్డ చెలకలో రెండు గుంజలు పాతి, నెట్టు కట్టి, తొలిరోజు ఒక్కో దిక్కు పన్నెండు మంది దిగారు. మా మేనత్త కొడుకు యాదగిరి బావ బంతిని గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని నెట్టు కిందినుంచి దూరి అవతలి గట్టుదాకా ఉరికాడు. గెలిచామని మావాళ్లు కేకలు పెట్టారు. ఏం గెలిచామో అవతలివాళ్లకు తెలియదు, ఇవతలివాళ్లకూ తెలియదు.

నాలోని విద్యావంతుడు లేచి నిలబడ్డాడు.

“ఆగుండ్రి. దీనికి రూల్స్ ఉంటయి.”

“ఎవరు చెప్పిండ్రురా?” అన్నాడు యాదగిరి బావ, ఆయాసపడుతూ.

“ప్రతిదానికీ ఉంటయి బావా. నేను జదివొచ్చి చెప్త.”

మరుసటి అంగడికి లైబ్రరీలో ఆటల బీరువా తీశాను. దొరికింది పుస్తకం. అట్ట మీద నిక్కర్లు తొడుక్కున్న ఆరుగురు చేతులు పైకెత్తి, ఏదో వరమడుగుతున్నట్టు నిలబడి ఉన్నారు. ఇంటికి ఇచ్చే పుస్తకం కాదని లైబ్రరీ సారు అనడంతో, మూడు రోజులు వరుసగా బస్సెక్కి పోయి, బొమ్మలతో సహా నలభై పేజీల నోటుబుక్కులోకి ఎక్కించాను. నా మందను ఆ మూడు రోజులూ బాపే చూసుకున్నాడు. “రాసుకొస్తుండు పోరడు” అని ఊళ్లో గర్వంగా చెప్పుకున్నాడు కూడా. వేలిముద్ర మనిషికి కాగితం మీద రాత అంటే గుడిలో విభూతి లెక్క.

తర్వాత పాఠాలు మొదలయ్యాయి.

“ఒక్కో దిక్కు ఆరుగురే ఉండాలె” అన్నాను.

“మేం పన్నెండు మందిమున్నం గదరా.”

“మిగిలినోళ్లు చూడాలె.”

“చూసేటందుకా మేం పని ఇడిసిపెట్టి వచ్చింది?”

“బంతిని పట్టుకోవద్దు, కొట్టాలె. మన దిక్కు వచ్చినంక మూడు దెబ్బల్ల అవతలికి పంపాలె. ఒక్కడే వెంటవెంట రెండుమాట్లు తాకొద్దు. నడుమల ఇంకొకరు తాకితే మల్ల తాకొచ్చు.”

బుచ్చిరాములు అని మా జట్టులో తాడిచెట్టంత మనిషి ఉండేవాడు. తల గోక్కుని, “మా ఇంట్ల గూడ గంతే. మా నాయిన ఒకమాటు తిట్టినంక వెంటనే మల్ల ఆయన తిట్టడు. మా అవ్వకిస్తడు. అవ్వ తిట్టినంక మల్ల నాయిన అందుకుంటడు” అన్నాడు.

ఆ రూలు ఎవరికీ మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

జాగాలు మారడం చెప్పేసరికి కొంచెం కష్టమైంది. అవతలివాళ్ల నుంచి సర్వీసు మన చేతికి వచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లు తిరిగినట్టు ఒక్కో జాగా జరగాలని నేల మీద ఆరు రాళ్లు పెట్టి చూపించాను. ఆరుగురూ రాళ్లనే చూస్తున్నారు. చివరికి యాదగిరి బావే అన్నాడు: “ఎరువుకు గొర్లమంద పెట్టినట్టన్నట్టు. ఈ చెలకల రెండు దినాలు పండవెడ్తం, ఆనంక పక్క చెలక, ఆనంక ఆ పక్కది. గంతేనా?” అంతే. పుస్తకం రెండు పేజీల్లో చెప్పలేనిది గొర్లకాపరి ఒక్క మాటలో చెప్పాడు. అప్పుడే నాకు కొంచెం వినయం రావాల్సింది. రాలేదు.

పుస్తకంలో ముఖ్యమైన నాలుగు సూత్రాలను నేను ఎర్ర సిరాతో రాసుకున్నాను. సర్వీసు చేసినవాళ్లకే పాయింటు వస్తుంది, అవతలివాళ్లు గెలిస్తే సర్వీసు మారుతుంది గానీ పాయింటు రాదు. సర్వీసు బంతి నెట్టుకు తాకితే తప్పు. నడుము కింద బంతి తగిలితే తప్పు. ముందుగా పదిహేను పాయింట్లు చేసి, రెండు ఎక్కువుంటే గెలిచినట్టు. ఈ నాలుగింటినీ మావాళ్లకు నూరిపోశాను. ముఖ్యంగా రెండోది. “సర్వీసు నెట్టుకు తాకిందా, బంతిని ముట్టకుండ్రి. ముడితే తప్పు మన మీదికొస్తది. చేతులు కట్టుకొని నిలవడుండ్రి” అని రోజూ సాధన చేయించాను. నేను కావాలని బంతిని నెట్టుకు తగిలించేవాణ్ణి, ఆరుగురూ ఠక్కున చేతులు కట్టుకునేవారు. ఆ క్రమశిక్షణ చూసి నా కళ్లు చెమ్మగిల్లేవి.

వాలీబాల్ తెలిసిన పాఠకులు ఇక్కడికే పొట్ట పట్టుకుని ఉంటారు. జర ఆగండి. తెలియనివారికి కూడా నవ్వే హక్కు ఉంది, వాళ్లకు తెలిసే ఘడియ దగ్గర్లోనే ఉంది.

నెల తిరిగేసరికి మావాళ్లు బాగానే ఆడసాగారు. వడిసెలతో పిట్టల్ని తోలిన చేతులు కదా, సర్వీసు చేస్తే బంతి కూతపెట్టుకుంటూ పోయేది. ఆ సంగతి మా పక్కూరు కంచెపల్లికి చేరింది. వాళ్లు ఎప్పటినుంచో ఆడుతున్నవాళ్లు. కంచెపల్లి లింగయ్య అని, బాపు లాగే గొర్లున్న పెద్దమనిషి, అంగట్లో అందరి ముందూ నన్ను పట్టుకున్నాడు.

“ఏం నర్సింహా, మీ ఊరోళ్లు గూడ వాలీబాల్ ఆడుతున్నరట. గొర్లు ఎగురుతయా నెట్టు మీదికెల్లి?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. “వచ్చే ఆదివారం వచ్చి చూడు పెదనాయినా. పందెం పొట్టేలు తెచ్చుకో” అన్నాను.

పందెం పొట్టేలంటే మా దిక్కు పాత రివాజు. రెండు ఊళ్లు ఏ ఆట ఆడినా చెరొక పొట్టేలును కట్టేస్తారు. గెలిచిన ఊరు ఓడిన ఊరి పొట్టేలును అక్కడికక్కడే కోసి, వండుకుని తిని పోతుంది. జట్టుకు పెద్ద ఎవరో పొట్టేలు వాళ్లింటిదే. మా జట్టుకు పెద్ద ఎవరు? ఇంకెవరు, నోటుబుక్కు ఎవరి చంకలో ఉందో వాడే.

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆ ఏడు మా దొడ్డిలో పొట్టేలంటూ ఉన్నది ఒక్కటే, కర్రెగాడు. నల్లగా, బండరాయిలా ఉండేవాడు. విత్తనానికి ఉంచిన పొట్టేలు. వాడు పోతే వచ్చే ఏటి పిల్లల సంగతి దేవుడికి వదిలేయాల్సిందే. బాపు చాలాసేపు కర్రెగాడి మెడ నిమిరాడు.

“గెలుస్తరా?”

“పుస్తకంల ఉన్నదంత నేర్పిన బాపూ. ఒక్క ముక్క ఇడిసిపెట్టలేదు.”

“కంచెపల్లోళ్లు చానా ఏండ్లసంది ఆడుతున్నరు గద.”

“ఆడుతున్నరు. కని వాళ్లు చదివిండ్రా?”

బాపు తల ఊపాడు. “నిజమే. అచ్చుల ఏసినోడు అబద్ధమెందుకు రాస్తడు. తోలుకపో” అన్నాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చినా నాకు ఏదో ఒకటి వస్తుంది. నవ్వో, మరొకటో ఇంకా తేల్చుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం తిరిగాక కంచెపల్లి వాళ్లు రెండు ట్రాలీ ఆటోల్లో దిగారు. నీలం అంగీలు, తెల్ల బూట్లు. మావాళ్లలో ఇద్దరికి చెప్పులే లేవు. రెండు పొట్టేళ్లనూ బడి వెనకాల తుమ్మచెట్టుకు కట్టేశాం. కోత, వంట మా చంద్రయ్య మామకు అప్పగించాం. కట్టెలు, వండటానికి పెద్ద గంజు, అల్లం వెల్లుల్లి అన్నీ అక్కడే. డప్పు కొట్టడానికి ఇద్దరు వచ్చి నిప్పుల మీద డప్పులు కాచుకుంటున్నారు. కంచెపల్లి బడిలో ఆటలు నేర్పే పీఈటీ సారు అంపైర్. విజిల్ మెడలో వేసుకుని, రెండు జట్లనూ పిలిచాడు.

“ఒక్కటే సెట్టు. రూల్స్ ఎరుకనే గద? ఒకపాలి చెప్పాల్నా?”

“అక్కెర లేదు సార్” అన్నాను నేను, నోటుబుక్కు గుండెకు హత్తుకుని. “పుస్తకం మొత్తం జీర్ణం జేసుకొని వచ్చినం.”

“మరింక మంచిదే” అన్నాడు సారు. ఆ అర నిమిషం నేను నోరు మూసుకుని ఉంటే మా కర్రెగాడు మా దొడ్డిలోనే ముసలివాడయ్యేవాడు.

కంచెపల్లి తొలి సర్వీసు. బంతి వచ్చి నెట్టు పైఅంచుకు తాకింది, అటా ఇటా అని ఒక క్షణం ఆలోచించి మా దిక్కు పడింది. మా ఆరుగురూ ఠక్కున చేతులు కట్టుకున్నారు. బంతి యాదగిరి బావ ముందు పడి, మూడుసార్లు ఎగిరి, బుచ్చిరాములు కాలి దగ్గరికి దొర్లి ఆగింది. సారు విజిల్ ఊది కంచెపల్లికి పాయింటు ఇచ్చాడు.

నేను లేచాను. “సార్, నెట్టుకు తాకింది.”

“తాకితే ఏమాయె?”

“తప్పు గద సార్.”

“తాకి అవతల పడ్డది గదయ్యా. ఆడాలె. మీవోళ్లు చేతులు గట్టుకున్నరేంది, ప్రార్థన ఏమన్న ఉన్నదా?”

కంచెపల్లి మొత్తం గొల్లున నవ్వింది. నేను కూర్చుని నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను: అన్యాయం ఒకటి.

కాసేపటికి మావాడు కొట్టిన బంతి నేలకు తాకబోతుంటే కంచెపల్లి కుర్రాడు కాలితో లేపాడు. ఆట నడిచింది.

“సార్, కాలు.”

“కాలు గూడ ఒంట్లదే గద. కూసో.”

అన్యాయం రెండు. ఇంతలో ఇంకొక విడ్డూరం కనిపించింది. కంచెపల్లిలో అందరికీ నీలం అంగీలుంటే ఒక్కడికి ఎర్రంగీ. వాడు వస్తాడు, పోతాడు, మళ్లీ వస్తాడు. వెనకాల ఎక్కడ బంతి పడబోతే అక్కడ వాడే ఉంటాడు.

“సార్, ఆ ఎర్రంగీ ఎవరు?”

“ఎనక బంతి లేపేటందుకు ఉంటడు.”

“మా పుస్తకంల గసొంటోడు లేడు సార్.”

“పుస్తకంల లేకపోతే ఏమాయె, నీ కండ్ల ముంగట ఉన్నడు గద.”

అన్యాయం మూడు. నాలుగోది మాత్రం మా మేలుకే జరిగింది. కంచెపల్లి సర్వీసు గీత దాటి అవతల పడింది. పుస్తకం ప్రకారం సర్వీసు మా చేతికి రావాలి, పాయింటు రాకూడదు. కానీ సారు సర్వీసూ ఇచ్చాడు, పాయింటూ ఇచ్చాడు. యాదగిరి బావ మరీ నిజాయితీపరుడు.

“సార్, గిది మాకు రావద్దు...”

“బావా, నీళ్లు తాగుపా” అని ఆయన్ని గీత దగ్గరికి లాగాను. “సారు లెక్క తప్పిండు. మనకే లాభం. నోరు మూసుకో.”

“పాపం గాదారా?”

“మూడు అన్యాయాలు జేసిండు. గిది వడ్డీ అనుకో.”

ఆ తర్వాత మా బుచ్చిరాములు సర్వీసు నెట్టులో పడింది. సారు వాళ్లకు కూడా పాయింటు ఇచ్చాడు. నేను మళ్లీ లేచాను. “సార్, సర్వీసే పోవాలె, పాయింటు పోవద్దు.”

“ఇందాక వాళ్లది బయట పడ్డప్పుడు నువ్వు పాయింటు తీసుకోలే?”

మళ్లీ కూర్చున్నాను. పక్షపాతం గురించి చాలా చదివాను గానీ, రెండు జట్ల మీదా సమానంగా పక్షపాతం చూపించే అంపైర్‌ను ఎక్కడా చదవలేదు. మీరే చెప్పండి, అప్పటికైనా ఎవడికైనా అనుమానం రావాలా వద్దా? కానీ నలభై పేజీలు చేత్తో రాసినవాడికి అనుమానం రావడం అంత తేలిక కాదు. చేతినొప్పి అడ్డం వస్తుంది.

అన్యాయాలు ఎన్ని జరిగినా మావాళ్లు జోరు మీదున్నారు. వడిసెల చేతుల దెబ్బకు ఎర్రంగీవాడు కూడా బంతిని ఆపలేక కూలబడ్డాడు. పదకొండు, పన్నెండు, పదమూడు. కంచెపల్లి పన్నెండు దగ్గర నిలబడిపోయింది. గొంగడి మీద కూర్చున్న బాపు బంతిని చూడటం లేదు, నా ముఖం చూస్తున్నాడు. నేను రెండు వేళ్లు చూపించాను, ఇంకా రెండే అని. బాపు మొట్టమొదటిసారి నవ్వాడు.

నేను బడి వెనక్కి ఉరికాను.

“చంద్రయ్య మామా, ఇంక రెండే పాయింట్లు. డప్పు మోగంగనే కంచెపల్లోళ్ల పొట్టేలును కొయ్యి.”

“జర ఆగరాదు అల్లుడా. ఆట అయిపోనీ.”

“డప్పు మోగిందంటే అయిపోయినట్టే. ఆకలి మీదున్నరు అందరు.”

“నీ ఇష్టం. చదువుకున్నోనివి” అని మామ కత్తి నూరడం మొదలుపెట్టాడు.

నేను తిరిగొచ్చేసరికి పద్నాలుగు. యాదగిరి బావ ఎగిరి కొట్టిన దెబ్బకు పదిహేను. నేను గాల్లోకి లేచాను. డప్పు దద్దరిల్లింది. బావను భుజాల మీదికి ఎత్తారు, బుచ్చిరాములు ఎవరి గొంగడో తల చుట్టూ తిప్పుతున్నాడు. కంచెపల్లి వాళ్లు తమ జాగాల్లో నిలబడి, నడుముల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు. ఓడినవాళ్ల బాధ అలాగే ఉంటుందని నేను జాలిపడ్డాను. పెద్దమనసు చేసుకుని పీఈటీ సారు దగ్గరికి పోయి చెయ్యి చాపాను.

“తప్పులు జేసినా మొత్తానికి మంచిగ నడిపిచ్చిండ్రు సార్.”

ఆయన గడియారం చూసుకున్నాడు. “గంతులేసిండ్రు గద, మీ టైమవుట్ అయిపోయింది. ఇగ రండ్రి.”

“ఎక్కడికి సార్?”

“ఎక్కడికేంది, ఆడేటందుకు.”

“పదిహేను అయినయి గద సార్.”

“పదిహేనే గద అయింది. ఇరవై ఐదు గావాలె.”

డప్పు ఒక్కొక్క దెబ్బగా ఆగిపోయింది. భుజాల మీదున్న యాదగిరి బావను దించడం ఎవరికీ గుర్తు రాలేదు, ఆయన పైనుంచే “ఎన్నీ?” అని అడిగాడు. నాకు మాత్రం వేరే సంగతి గుర్తొచ్చింది. చెప్పులు వదిలేసి బడి వెనక్కి పరుగు తీశాను.

“మామా, ఆగు మామా.”

చంద్రయ్య మామ చేతులు కడుక్కుంటూ సంతోషంగా తల ఎత్తాడు. “ఎప్పుడో అయిపాయె. నువ్వు చెప్పినట్టే, డప్పు మొదటి దెబ్బకే.”

తుమ్మచెట్టుకు కర్రెగాడు ఒక్కడే ఉన్నాడు. ఆకు నములుతూ నన్ను చూశాడు.

వచ్చి బాపు చెవిలో చెప్పాను. ఆయన గొంగడి సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, “అయితే గెలువుండ్రి. గెలిస్తే కోసింది మనదే అయితది. ఎవరికీ జవాబు చెప్పే పని లేదు” అన్నాడు. సర్కారు ఆఫీసుల్లో పని ముందు జరిగి మంజూరు తర్వాత వస్తుందని చదివాను. మా పొట్టేలుకు కూడా ఇంకా పది పాయింట్లు తెచ్చి మంజూరు తీసుకోవాలి.

“సార్” అన్నాను, నోటుబుక్కు మూసేసి. “ఇందాక రూల్స్ చెప్తనన్నరు గద. ఇప్పుడు చెప్పుండ్రి.”

సారు నన్ను జాలిగా చూసి మా ఆరుగురికీ చెప్పాడు. “సర్వీసు ఎవరిదైనా సరే, బంతి ఎవరు పారేసుకుంటే అవతలోళ్లకు పాయింటు. సర్వీసు నెట్టుకు తాకి ఇటు పడ్డా ఆడుండ్రి. కాలు, తల, ఏది తగిలినా ఆడుండ్రి. ఇరవై ఐదు ముందుగాల ఎవరు జేస్తే వాళ్లు, రెండు తేడా ఉండాలె. గంతే.”

నా నలభై పేజీలు అర నిమిషంలో కొట్టుకుపోయాయి.

అక్కణ్ణుంచి మావాళ్లు ఆడినటువంటి ఆట నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. తలలతో లేపారు, మోకాళ్లతో లేపారు, బావ ఒకసారి వీపుతో లేపాడు. కంచెపల్లి కూడా తగ్గలేదు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై ఒకటి. ఇంతలో బడి వెనకనుంచి మసాలా వాసన మొదలైంది. గీత పక్కన కూర్చున్న లింగయ్య ముక్కు ఎగబీల్చాడు.

“ఎవరింట్లనో కూర ఉడుకుతాంది. మంచి వాసనొస్తాంది.”

“ఔ పెదనాయినా” అన్నాను. పొగ కనపడకుండా ఆయనకు అడ్డంగా జరిగాను.

ఇరవై మూడు, ఇరవై మూడు. వాళ్లకు ఒక పాయింటు. ఇరవై నాలుగు. సర్వీసు వాళ్లదే. కుర్రాడు బంతిని ఎగరేసి కొట్టాడు. అది వచ్చి నెట్టు పైఅంచుకు తాకి, మెత్తగా, పువ్వు రాలినట్టు, బుచ్చిరాములు ముందుకు దిగింది. ఒక్క చెయ్యి చాపితే చాలు.

బుచ్చిరాములు ఠక్కున చేతులు కట్టుకున్నాడు.

వాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. నెల రోజులు నేనే నేర్పాను.

కంచెపల్లి వాళ్లు కేరింతలు కొట్టి ముగించాక లింగయ్య బట్టలు దులుపుకుని లేచాడు. అప్పటికే బాపు బడి వెనక్కి పోయి కర్రెగాడి తాడు విప్పి తీసుకొచ్చి లింగయ్య చేతిలో పెట్టాడు.

“తీసుకో అన్నా. గెలిచిండ్రు.”

“మరి మాదేది?”

బాపు పొగ లేస్తున్న దిక్కు గడ్డంతో చూపించాడు. “ఇంతసేపు వాసన మంచిగున్నదంటివి గద. అదే.”

లింగయ్య పొగను చూశాడు, బాపును చూశాడు, నన్ను చూశాడు. “గెలువకముందే కోసిండ్రా?”

“మావోడు పుస్తకం చదివిండు” అన్నాడు బాపు.

“లెక్కకు నాకు ఇంకోటి రావాలె.”

“ఔ అన్నా. రేపొచ్చి మందల నీకిష్టమైందాన్ని ఏరుకో.”

లింగయ్య కర్రెగాడి వీపు మీద చెయ్యి వేసి, నడుము దాకా నిమిరాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని రెండూళ్లకూ పాకింది. “ఇంకోటి వద్దులే తమ్మీ. గీని ముంగట మాది మేకపిల్ల. దీన్ని కోసేటోని చేతులు పడిపోను, నేను విత్తనానికి ఉంచుకుంట. కూర మాత్రం మాడకుండ జూడుండ్రి, అది మా ఊరి పొట్టేలు” అన్నాడు.

పొద్దు వాలుతుండగా చెలక గట్టు మీద రెండూళ్లూ వరుసగా కూర్చున్నాయి. అట్లా కలిసి తినడం అంతకుముందు ఎవరూ చూడలేదు, ఓడినవాళ్లు ఆకలితో ఇంటికి పోవడమే రివాజు. పీఈటీ సారుకు నేనే కార్జం ముక్కలు ఏరి వడ్డించాను. బుచ్చిరాములు తలదించుకుని తింటుంటే ఎర్రంగీ కుర్రాడు వాడికి మూలుగ బొక్క వేసి, “జర చేతులు విప్పుకో అన్నా, తినేటప్పుడు కట్టుకోవద్దు” అన్నాడు. ఇప్పుడు ఆ చెలకలో క్రీడా ప్రాంగణం అని బోర్డు ఉంది, కొత్త గుంజలు ఉన్నాయి, ఆడేవాళ్లే తక్కువ. యాదగిరి బావ హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. అప్పుడప్పుడు ఫోన్ చేసి, హలో అనకుండా, “ఎన్ని గావాలెరా?” అంటాడు. “ఇరవై ఐదు బావా” అంటాను. అంతే, పెట్టేస్తాడు. అంగట్లో కంచెపల్లి మందలో నల్లపిల్లలు కనిపిస్తే బాపు ఆగి, “గవి నా మనుమలే” అని పక్కవాళ్లకు చెబుతాడు. ఆ పూట కూర రుచి మాత్రం నాకు గుర్తు లేదు.

ఆ రాత్రి తిండ్లు అయ్యాక ఇంటికి నడుస్తున్నాం. బాపు ముందు, నేను వెనక. తిట్టినా బాగుండు అనిపించింది. గుట్ట మలుపు దగ్గర ఆగాడు.

“నర్సిగా, ఆ పుస్తకం ఏ ఏటిది?”

“నేను జూడలే బాపూ.”

“అంగట్ల జీవాన్ని కొనేటప్పుడు మనం ముందుగాల ఏం జేస్తం?”

“నోరు తెరిచి పండ్లు జూస్తం. ఎన్నేండ్లదో ఎరుకైతది.”

“గొర్రెకు జూస్తివి. పుస్తకానికి జూడొద్దా కొడుకా?”

అంతే అన్నాడు. మళ్లీ నడక సాగించాడు.

తర్వాతి అంగడికి లైబ్రరీకి పోయి ఆ పుస్తకం తీశాను. ఇంతకాలం నేను తిప్పి పారేసిన మొదటి పేజీలో, అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో అచ్చు వేసిన సంవత్సరం ఉంది. నేను పుట్టకముందుది. మా బాపు పెళ్లికి కూడా ముందుది. అది రాసినాయన అబద్ధం రాయలేదు, ఆయన కాలంలో ఆట అట్లాగే ఉండేది. ఆ తర్వాత ప్రపంచమంతా రూల్స్ మార్చుకుంది, దేవరకొండ బీరువాకు ఎవరూ కబురు పెట్టలేదు. బాపు లెక్కలో చెప్పాలంటే, ఆ పుస్తకానికి నోట్లో ఒక్క పన్ను లేదు.

నేను పుస్తకాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని వెలుతురుకు తిప్పుతుంటే లైబ్రరీ సారు కళ్లజోడు దించాడు. “ఏం జూస్తున్నవయ్యా అంతగనం?”

“పండ్లు సార్.”

ఆయన కళ్లజోడు మళ్లీ ఎక్కించుకున్నాడు. నేను మాత్రం అక్కడే, ఆ పుస్తకం అట్ట మీది ఆరుగురు నిక్కర్ల మనుషుల సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి గంభీరంగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ పుస్తకమైనా, అది వేదమైనా వాలీబాలైనా, ముందు దవడ పట్టి, నోరు తెరిచి, పండ్లు లెక్కపెట్టందే లోపల ఒక్క అక్షరం నమ్మను. ఈ నియమాన్ని ఇప్పటిదాకా ఒక్కసారి కూడా తప్పలేదు. కాకపోతే ఒక చిన్న చిక్కు. మొన్న కొత్త పుస్తకం ఒకటి పండ్లు చూసి, నిన్నగాక మొన్న అచ్చయిందని రూఢి చేసుకుని, అందులో ఉన్నట్టే బాపు గొర్లకు మేత మార్చబోయాను. బాపు నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, మొదటి పేజీ కాదు, నా దవడ పట్టుకుని నోరు తెరిచి చూశాడు.

“పుస్తకం పండ్లు మంచిగనే ఉన్నయి” అన్నాడు. “నీకే ఇంక జ్ఞానదంతం రాలేదు.”